పరానా డెల్టాలో మన దుప్పి



దక్షిణ అమెరికాలో పరానా అనే పెద్ద నది ఉంది. బ్రెజిల్‌లో పుట్టి, పరాగ్వే అంచు తాకి, అర్జెంటీనాలో బ్యూనస్ ఎయిరీస్ నగరానికి చేరువలో పాయలుగా చీలిపోతుంది. ఆ పాయల మధ్య లెక్కలేనన్ని లంకలు. మన కృష్ణా డెల్టాలోని నాగాయలంక మనిషిని తీసుకెళ్లి అక్కడ దింపితే పెద్దగా బెంగపడడు. అవే పడవలు, అదే ఒండ్రు, అవే వరద భయాలు. ఆ లంకల్లో పొద్దు వాలే వేళ గడ్డి మేసే జంతువుల్లో ఒకదాన్ని చూస్తే మాత్రం మనవాడు ఆశ్చర్యపోతాడు. గోధుమ రంగు ఒంటి మీద తెల్లటి చుక్కలు, మగవాటికి మూడు కొనల కొమ్ములు. అది మన దుప్పి. నల్లమలలో తిరిగే చుక్కల దుప్పే.

ఇది అక్కడికెలా వెళ్లింది? ఈదుకుంటూ పోలేదు. 20వ శతాబ్దం తొలి రోజుల్లో అర్జెంటీనా, ఉరుగ్వే దేశాల్లోని పెద్ద ఆసాములు వేట సరదా కోసం దేశదేశాల జంతువులను తెప్పించుకుని తమ ఎస్టేట్లలో వదిలారు. అలా వెళ్లిన వాటిలో మన దుప్పి ఒకటి, మన కృష్ణజింక ఇంకొకటి. రెండూ అక్కడి గడ్డి మీద బ్రహ్మాండంగా బతికాయి. కంచెలు దాటాయి, సంతతి పెంచుకున్నాయి. ఇప్పుడు ఆ దుప్పి అక్కడి అధికారులకు పెద్ద తలనొప్పి. అదే డెల్టాలో పుట్టిపెరిగిన స్థానిక జింక ఒకటి కష్టకాలంలో ఉండగా, ఈ చుట్టం దాని మేతకు పోటీ వస్తోంది. మన అండమాన్ దీవుల్లోనూ ఇదే కథ. బ్రిటిష్ వాళ్లు తెచ్చి వదిలిన దుప్పులు అక్కడి అడవిలో లేత మొలకలను లేవనివ్వడం లేదు.

పరానా డెల్టాలోని ఆ స్థానిక జింక సంగతి చెప్పాలి. దాన్ని చిత్తడి జింక అందాం. దక్షిణ అమెరికా జింకలన్నిటిలోకీ ఇదే పెద్దది. మగది వంద కిలోలు దాటి తూగుతుంది. ఎర్రటి ఒళ్లు, మోకాళ్ల నుంచి కిందికి నల్లటి కాళ్లు, బురదలో దిగి లేచినట్టే ఉంటుంది. గిట్టలు వెడల్పుగా విచ్చుకుంటాయి. రెండు గిట్టల మధ్యా పలుచటి చర్మం సాగుతుంది. అందువల్ల మోకాలి లోతు బురదలోనూ దిగబడకుండా నడుస్తుంది. బ్రెజిల్‌లోని పాంతనాల్ చిత్తడి నేలల్లో ఇది ఇప్పటికీ బాగానే ఉంది. మిగతా చోట్ల నదికి అడ్డంగా ఆనకట్ట కట్టినప్పుడల్లా దాని ఇల్లు మునిగిపోయింది. పరానా నది మీదే బ్రెజిల్‌లో పోర్తో ప్రిమవేరా జలాశయాన్ని 1990ల చివర్లో నింపినప్పుడు వందల జింకలను పట్టి వేరే చోట్లకు తరలించాల్సి వచ్చింది. పట్టుకునేటప్పుడు బెదిరిపోయి కొన్ని చచ్చిపోయాయి కూడా. ఇక కింద డెల్టాలో మిగిలిన వాటి కోసం అర్జెంటీనా ప్రభుత్వం 2018లో బ్యూనస్ ఎయిరీస్‌కు దగ్గర్లో ఒక జాతీయ పార్కు ఏర్పాటు చేసింది. పార్కుకు ఆ జింక పేరే పెట్టారు.

అమెరికా ఉష్ణమండలంలో జింకలు ఇంకా చాలా రకాలున్నాయి. అడవి పొదల్లో ఒంటరిగా తిరిగే చిన్న ఎర్రజింకలు, ఆండీస్ పర్వతాల మబ్బుల్లో దాక్కునే పూడు. ఉత్తరపు పూడు లోకంలోని జింకలన్నిటిలో అతి చిన్నది, మన మేకపిల్లంత ఉంటుంది. అడవిలో దాక్కునే వీటి గురించి తెలిసింది తక్కువ. వాటిని పక్కనపెట్టి, మన కథకు బాగా దగ్గరైన ఒకదాని దగ్గరికి వస్తాను.

పంపా జింక. అర్జెంటీనా, ఉరుగ్వే దేశాల్లో, దక్షిణ బ్రెజిల్‌లో కనుచూపు మేరా సాగే గడ్డి మైదానాలను పంపా అంటారు. ఆ గడ్డి అంతా ఒకప్పుడు ఈ జింకదే. చార్లెస్ డార్విన్ బీగిల్ ఓడ మీద వెళ్లినప్పుడు ఉరుగ్వేలో మాల్దొనాదో అనే ఊరి దగ్గర వీటిని చూశాడు. ఆయన రాసిన ముచ్చట ఒకటి వినదగ్గది. గుర్రం మీద వెళ్తే ఆ జింకలు కంటికి కనబడకుండా పారిపోయేవట. నేల మీద పాకుతూ వెళ్తే మాత్రం ఇదేదో వింతగా ఉందే అని అవే దగ్గరికొచ్చి తొంగిచూసేవట. అలా ఒకే చోట కూర్చుని ఒకే మందలోంచి మూడింటిని కాల్చాడు. ఆ మైదానంలో వేటగాళ్లంతా గుర్రాల మీద వచ్చి, తాళ్ల చివర గుండ్లు కట్టి విసిరేవాళ్లు. కాబట్టి గుర్రం మీది మనిషే దానికి శత్రువు. పాకే మనిషిని అది శత్రువుగా లెక్కపెట్టలేదు. ఇంకో సంగతి కూడా రాశాడు. మగ జింక ఒంటి నుంచి ఘాటైన వాసన వస్తుంది. చర్మం చుట్టిన పట్టు రుమాలును ఎన్నిసార్లు ఉతికినా, ఏడాది ఏడు నెలల దాకా ఆ వాసన వదల్లేదట. డార్విన్‌ను మనం పెద్ద శాస్త్రవేత్తగానే చదువుకుంటాం. రుమాలు ముక్కు దగ్గర పెట్టుకుని నెలలు లెక్కపెట్టిన కుర్రవాడిగా కూడా చూడాలి.

డార్విన్ వెళ్లొచ్చిన ముప్పై ఏళ్లకు కథ తిరగబడింది. 1860 నుంచి 1870 దాకా పదేళ్లలో ఒక్క బ్యూనస్ ఎయిరీస్ రేవు నుంచే దాదాపు 20 లక్షల పంపా జింక తోళ్లు ఓడలెక్కాయి. ఆ దెబ్బతోనే అంతా అయిపోలేదు. తర్వాత గడ్డిని దున్ని గోధుమ వేశారు. మిగిలిన గడ్డి మీదికి పశువులు, గొర్రెలు వచ్చాయి. వాటితోపాటు గాలికుంటు లాంటి రోగాలూ, కాపలా కుక్కలూ వచ్చాయి. మన కాలంలో సోయా వచ్చింది. తుపాకి జింకలను తగ్గించింది, నాగలి వాటిని తిరిగి పెరగనివ్వలేదు. ఈనాడు అర్జెంటీనాలో పంపా జింక నాలుగైదు చోట్ల చిన్నచిన్న గుంపులుగా మిగిలింది. అదే దేశంలో ఆ గడ్డి మీదే మన కృష్ణజింక వేల సంఖ్యలో ఉంది. అమెరికాలోని టెక్సాస్‌లోనూ అంతే. అక్కడ 1930లలో వదిలితే ఇప్పుడు ప్రైవేటు రాంచ్‌లలో డబ్బు కట్టి వేటాడే జంతువైంది. పాకిస్తాన్‌లో కృష్ణజింక అడవిలో కనుమరుగయ్యాక, 1970లలో టెక్సాస్ నుంచే తెప్పించి బహావల్‌పూర్ దగ్గర లాల్ సుహన్రాలో పెంచారు.

ఇక మన ఇంటికొద్దాం. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. 2018లో ప్రభుత్వం రాష్ట్ర చిహ్నాలను మళ్లీ ప్రకటించినప్పుడు పాలపిట్టను మార్చి రామచిలుకను పెట్టారు గానీ, కృష్ణజింకను మార్చలేదు. పక్కన తెలంగాణ చుక్కల దుప్పిని ఎంచుకుంది. ఒకటి గడ్డినేలలో తిరిగేది, ఇంకొకటి అడవి అంచున ఉండేది. శాస్త్రం ప్రకారం కృష్ణజింక అసలైన జింక కాదు. దుప్పి కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింక మెలికల కొమ్ములు మొలిచిన దగ్గర నుంచి చచ్చేదాకా అవే. అయినా మనం దాన్ని జింకే అంటాం, అలాగే అందాం.

మన పెద్దలకు ఈ జంతువు బాగా తెలుసు. కృష్ణసారం, అంటే కృష్ణజింక, తనంతట తాను తిరుగాడే నేల యజ్ఞానికి తగిన నేల అని మనుస్మృతి చెబుతుంది. మా ఇళ్లలో ఇప్పటికీ వడుగు చేసేటప్పుడు జంధ్యానికి కృష్ణాజినం, అంటే ఈ జింక తోలు, ముక్క కడతారు. ఆ ముక్క ఎక్కడి నుంచి వస్తుందో ఎవరూ అడగరు. అడగాలి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు అది. దాని తోలు దగ్గర ఉంచుకోవడం నేరమే. దర్భతో సరిపెట్టుకుంటే దేవుడు కోప్పడడని నా నమ్మకం.

ఈ జింక పరుగు చూసినవాళ్లు మర్చిపోలేరు. గంటకు 80 కిలోమీటర్ల దాకా పోతుందంటారు. లేడికి లేచిందే పరుగు అన్న సామెత దీన్ని చూసే పుట్టి ఉంటుంది. ఇంత వేగం దేనికి? నక్క కోసం కాదు, కుక్క కోసం కాదు. చీతా కోసం. రాజులు, నవాబులు చీతాలను మచ్చిక చేసి కృష్ణజింకల మీదికి వదిలేవారు. మన దేశంలో చివరి చీతాలను 1947లో మధ్య భారతంలోని కొరియా సంస్థానాధీశుడు కాల్చాడు. 1952లో అవి మన దేశంలో అంతరించాయని ప్రభుత్వమే ప్రకటించింది. శత్రువు పోయినా దాని కోసం నేర్చిన పరుగు మిగిలింది. ఆ పరుగుకు చోటే తగ్గిపోయింది.

హైదరాబాదులో వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి ఉంది. ఒకప్పుడు నిజాముల వేట మైదానం. మహావీరుడి నిర్వాణానికి 2500 ఏళ్లయిన సందర్భంగా 1975లో దాన్ని జింకల కోసం కేటాయించారు. చుట్టూ నగరం కమ్మేసినా లోపల కృష్ణజింకలు ఉన్నాయి. సంతోషమే. కానీ గోడల మధ్య జింక అంటే సగం జూ అనే చెప్పాలి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది రోళ్లపాడు. నందికొట్కూరు దగ్గర ఉన్న ఆ గడ్డి బీడును 1988లో అభయారణ్యం చేశారు. జింక కోసం కాదు, బట్టమేక పిట్ట కోసం. కాపలా పెట్టగానే వేట ఆగింది. కృష్ణజింకలు పెరిగాయి. అభయారణ్యం చూస్తే ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. గీత అవతల బీళ్లన్నీ సాగులోకి వచ్చేశాయి. జింకలు ఏం చేస్తాయి? రాత్రిపూట శనగ చేలల్లో, జొన్న చేలల్లో పడ్డాయి. పంట పోయిన రైతు కోపం మీద ఉన్నాడు. అభయారణ్యం అంటేనే ఆ ఊళ్లలో కిట్టని మాట అయింది. కాపాడాలనుకున్న బట్టమేక పిట్ట దాదాపు కనిపించకుండా పోయింది. దీంట్లో జింక తప్పు లేదు, రైతు తప్పూ లేదు. చిన్న ముక్కను కాపాడి, చుట్టూ ఉన్న పెద్ద బీడును వదిలేశాం. రైతుకు నష్టపరిహారం పంట కోసే లోపు చేతికి రావాలి. పరిహారం కోసం ఆఫీసు చుట్టూ తిరిగినవాడికి వన్యప్రాణుల వారోత్సవాల్లో మనం ఏం చెప్పినా చెవికెక్కదు.

ఇప్పుడు కృష్ణా డెల్టా. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. దాని చోటే 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆ నీళ్లు లేకపోతే మనమెవరమూ ఇక్కడ ఇలా ఉండేవాళ్లం కాదు. దానితోపాటే ఇంకోటి జరిగింది. మెట్ట గడ్డి, పశువుల బీడు మాగాణి అయిపోయాయి. జింక వెళ్లడానికి మిగిలింది తీరం పక్కనున్న ఉప్పు నేలలు, ఇసుక దిబ్బలు, లంకలు. హంసలదీవి, సొర్లగొంది వైపు మడ అడవుల్లో 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది. సుమారు 195 చదరపు కిలోమీటర్లు. అక్కడి జంతువుల జాబితాలో బావురు పిల్లి, నీటికుక్కలతోపాటు దుప్పి, కృష్ణజింక కూడా ఉన్నాయి. బావురు పిల్లి పేరు ఈమధ్య బాగానే వినబడుతోంది. జింక పేరు వినబడదు. 1990లలో ఈ తీరమంతా రొయ్యల చెరువులు వచ్చాయి. చెరువు గట్టు మీద జింక ఏం మేస్తుంది?

చెరువులు కాని చోట సర్కారు తుమ్మ వచ్చింది. మన ఊళ్లలో కంపచెట్టు అని విసుక్కునే ఈ చెట్టు పుట్టిల్లు ఎక్కడనుకున్నారు? మెక్సికో నుంచి వెనిజులా దాకా ఉన్న అమెరికా ఉష్ణమండలం. వంటచెరకు కోసం, బీళ్లను పచ్చగా చేద్దామనుకుని మనమే తెచ్చి నాటాం. ఇది లేచిన చోట గడ్డి ఉండదు. దాని కాయలు తియ్యగా ఉంటాయి. జింకలూ మేకలూ వాటిని తిని, గింజలను పేడలో తీసుకెళ్లి కొత్త చోట్ల వేస్తాయి. తన గడ్డిని మింగే చెట్టును తనే మోసుకెళ్తోంది పాపం. మన దుప్పి పరానా లంకల్లో స్థానిక జింక మేతను తింటుంటే, వాళ్ల చెట్టు మన జింక మేతను తింటోంది. ఈ లావాదేవీలో లాభపడిన వాళ్లు ఇటు లేరు, అటు లేరు.

లంకల్లో ఉండే జింకకు ఇంకో ప్రమాదం నీళ్లు. 2022 జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు ధవళేశ్వరం చుట్టుపక్కల లంకల్లో కృష్ణజింకలు చిక్కుకున్నాయని పత్రికల్లో చదివాం. కృష్ణా వైపు 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమ వాళ్లకు నేను కొత్తగా చెప్పేదేముంది? మనుషులు వేలల్లో పోయిన ఆ రాత్రి పశువులకు లెక్కే లేదు, అడవి జంతువుల సంగతి అడిగేవాళ్లే లేరు.

దీవుల మీద జింకల గురించి ఫ్లోరిడా వాళ్ల అనుభవం మనకు పనికొస్తుంది. అక్కడి దక్షిణపు దీవుల్లో పొట్టి తెల్లతోక జింక ఒకటుంది. వేటవల్ల 1950ల నాటికి పాతిక, యాభైకి మించి మిగల్లేదు. 1957లో వాటికోసం ఒక రక్షిత ప్రాంతం పెట్టారు. వందల్లోకి పెరిగాయి. కష్టాలు మాత్రం ఆగలేదు. రోడ్డు మీద కార్ల కింద పడి చచ్చేవి చాలా. 2016లో పుండ్లలో పడే ఒక ఈగపురుగువల్ల వందకు పైగా చచ్చిపోయాయి. మరుసటి ఏడాది ఇర్మా తుపాను వచ్చింది. తుపాను వచ్చినప్పుడు ఆ దీవుల్లో ప్రాణం తీసేది గాలి ఒక్కటే కాదు. సముద్రం పొంగి మంచినీటి గుంటలు ఉప్పైతే, బతికిన జింక దాహంతో చావొచ్చు. అందుకే అక్కడ మంచినీటి మడుగులను కనిపెట్టుకుని ఉంటారు. మన లంకల్లో ఎత్తయిన దిబ్బ ఒకటి, మంచినీటి గుంట ఒకటి ఉంచడానికి కోట్లు అక్కర్లేదు. తుపాను ఆశ్రయాల ప్రణాళికలో జంతువులకు ఒక వరుస రాస్తే చాలు.

మంచి పని జరగలేదని అనను. హైదరాబాదులో సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల, నెహ్రూ జంతుప్రదర్శనశాల కలిసి 2010లో మూషిక జింకలను పెంచడం మొదలుపెట్టాయి. మూషిక జింక అంటే మూడు కిలోల చిన్నప్రాణి. కొమ్ములుండవు, మగదానికి కోరలుంటాయి. అతి పిరికిది, రాత్రి తిరిగేది. ఏడేళ్లలో ఆ పెంపకంలో రెండు వందలు దాటాయి. 2017లో కొన్నిటిని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అడవిలో వదిలారు. అర్జెంటీనాలోనూ 2009లో పంపా జింకలను ఇబెరా చిత్తడి నేలల్లోని గడ్డిలోకి తరలించారు. అక్కడ అవి నిలదొక్కుకున్నాయి. ఈ రెండిట్లోనూ కిటుకు ఒకటే. వదలడానికి నల్లమలలో అడవి ఉంది, ఇబెరాలో గడ్డి ఉంది. కృష్ణా డెల్టా కోసం రేపు వంద కృష్ణజింకలను ఎవరైనా పెంచి ఇచ్చారనుకోండి, ఎక్కడ వదులుతాం? నాకు ఆ ప్రశ్నే పెద్దదిగా కనిపిస్తుంది. రెవెన్యూ కాగితాల్లో గడ్డి నేలను బంజరు అనో, మేత పోరంబోకు అనో రాసుకుంటాం. అంటే ఖాళీగా ఉన్నట్టు లెక్క. ఖాళీ అనుకున్న చోట ఇళ్ల స్థలాలు, చెరువులు, మట్టి తవ్వకాలు వస్తాయి. లేకపోతే మొక్కలు నాటే కార్యక్రమం వస్తుంది. మొక్క నాటడం మంచిదే, కాదనను. గడ్డి బీడు మీద వరుసగా సరుగుడు, యూకలిప్టస్ నాటితే మాత్రం జింకకు అది కూడా చెరువుతో సమానమే. ఈ మాట కొంతమంది మిత్రులకు నచ్చదని తెలుసు. నాటేవాళ్లు ముందు గడ్డి చూసి నాటండి.

పంచాయతీ సభ్యులు ఎవరైనా వింటుంటే ఒక విన్నపం. మీ ఊరి మేత పోరంబోకు ఎన్ని ఎకరాలో రికార్డు తీసి చూడండి. దానిమీద సర్కారు తుమ్మ లేచి ఉంటే ఉపాధి పనుల్లో కొట్టించి, వేరు తీయించండి. అది మీ ఆవులకూ గేదెలకూ పనికొస్తుంది. జింక ఉంటే దానికీ సరిపోతుంది.

రైతులకు, గొర్రెల కాపరులకు ఇంకొకటి. పంటకు పంది రాకుండా కరెంటు తీగ పెట్టొద్దు. దానికి పందీ జింకా మనిషీ తేడా తెలియదు. కాపలా కుక్కలను రాత్రిపూట కట్టేయండి. చేలో, గడ్డిలో కృష్ణజింక పిల్ల ఒంటరిగా ముడుచుకుని కనిపిస్తే తల్లి వదిలేసిందనుకుని ఎత్తుకురావద్దు. తల్లి దాన్ని గడ్డిలో దాచి, దూరంగా మేస్తూ కనిపెట్టుకుని ఉంటుంది. పాలివ్వడానికి తిరిగొస్తుంది. దెబ్బ తగిలి ఉంటేనే ముట్టుకోండి. అప్పుడు కూడా ఇంట్లో పెంచుకోవడం చట్టరీత్యా నేరం. దగ్గర్లోని అటవీశాఖ ఆఫీసుకు ఫోన్ చేయండి, మనిషి వచ్చేదాకా కుక్కలను దగ్గరికి రానీయకుండా చూడండి.